అరసున్న గూడు

చూలైలో ఆ ప్రెస్సు ఉన్నచోట
ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.
వాన వంకపెట్టి లోపలికెళ్లి
అక్కర్లేని నీలం కవరొకటి కొన్నాను,
గోడమీద సిరా మరక ఇంకా ఉందేమో చూద్దామని.
సున్నం కొట్టేశారు.

యతిరాజులు నిలబడే గోడ అది.
ఎడమచేతిలో స్టిక్కు, కుడిచెయ్యి గూళ్ల మీద,
చూడకుండానే వత్తులు ఏరేవాడు,
కరెంటు పోయినప్పుడు మా అమ్మ
బియ్యంలో రాళ్లేరినట్టు.
సీసం అక్షరాలతో సీసపద్యం పేర్చి
తన హాస్యానికి తనే నవ్వుకునేవాడు.
నేను ప్రూఫులు దిద్దేదాన్ని,
ఫారానికి ఇంతని.

పద్యాల పుస్తకాలే ఎక్కువ.
రిటైరైన తాసిల్దార్లు, భార్య పోయిన డాక్టర్లు,
సొంత డబ్బుతో, మూడొందల కాపీలు.
"చూడమ్మా, ఈయన ఏడుపంతా
మొదటి పాదంలోనే అయిపోయినాది.
మిగతా మూడూ గణాలు నింపినాడు."
ఇంకొకాయన నూరు పద్యాల్లో
ఆమె పేరే ఎత్తలేదు.
కాఫీ గ్లాసుల మీద ఒక్క కందం:
రెండోది కడిగి బోర్లించినట్టే ఉందని,
దుమ్ము మాత్రం దానిమీదే ముందు పడుతోందని.
ఆ పేజీ కట్టిన రోజు యతిరాజులు
టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

నాకు ఛందస్సు వచ్చింది అక్కడే,
టీ గ్లాసు ఆరేలోపు కొంచెం కొంచెం.
"లఘువు పాపం లఘువే.
వెనకాల జంటక్షరం వచ్చి నిలబడితే
బరువెక్కుతాది. దాని తప్పేముంది?"
అప్పుడు తలూపాను.
ఆ సాయంత్రాలు అప్పట్లో ఎంత తేలికవో!
తర్వాత వచ్చినవన్నీ వచ్చి
వాటి వెనకాల నిలబడ్డాయి గదా.

"ఉత్పలమాల మొదటి గురువుని
రెండు లఘువులుగా విరిచి చూడు,
చంపకమాలవుతాది. బరువు అదే.
యతి మాత్రం ఒక్కడుగు జరుగుతాది."

పేరులోనే యతి ఉందని ఏడిపించేదాన్ని.
ఒక మధ్యాహ్నం, పట్టిక మీద వేలు పెట్టి,
"యకారానికి అకారం చెల్లుతాది" అన్నాడు.
"ఒకటే అక్షరం కానక్కర్లే.
ఆగేచోట స్నేహం చాలు."
వేలు తీసేశాడు.
నా పేరు అలమేలు.
ఆ ఒక్క మాట తప్ప
పదకొండేళ్లలో ఇంకేం అనలేదు.
నేనూ అనలేదు.
ఇంటికెళ్లి రెండో అక్షరాలు కూడా పోల్చి చూశాను.
ప్రాస కుదర్లేదు.

అందరికంటే చిన్న గూడు అరసున్నది.
పాత పుస్తకాలకి తప్ప చెయ్యి అటు పోదు.
"ఎవరూ పలకరుగదా, ఎందుకిది?" అంటే
"ఒకప్పుడు పలికినారు," అన్నాడు.
"ఆ పలికిందానికి గుర్తు."

ప్రెస్సు మూసినప్పుడు అక్షరాల్ని
కాటాలో వేసి కిలోల లెక్కన అమ్మారు.
ఒకటి నా కొంగులో దాచుకున్నానని
అబద్ధం చెప్పను. ఏదీ తీసుకోలేదు.
పెరంబూరు బస్సొచ్చింది, ఎక్కాను.

ఈ ఆడి నెలలో ఫోనొచ్చింది.
అతని తమ్ముడి కోడలట,
పాత డైరీలో నా నంబరు చూసి.
తమిళంలో చెప్పింది, మర్యాదగా, రెండు ముక్కల్లో.
ఆ భాషలో ఆ మాటకి అరసున్న లేదు.

ఉత్పలమాల మొదలుపెట్టాను, ఆతో.
తొమ్మిది అక్షరాలు బాగానే వస్తాయి.
పదోచోట అతను రావాలి.
మూడు వారాలుగా తొమ్మిదే.

బస్సులో కొత్త కవరు తొడిగాక
ఒక్క మాటైనా రాద్దామని ఫోన్ తీశాను.
లేడు, అని పడింది.
ఎవరికైనా సరిపోయే మాట.
అరసున్న ఎక్కడుందో తెలియలేదు.
పక్క సీటు కుర్రాడు చూపించాడు:
సున్న మీద వేలు నొక్కిపట్టాలి, ఆంటీ,
వదలకుండా, కాసేపు.

లేఁడు.