తలుపు దగ్గర నిలబడ్డవాడి మనవలు

అక్షరానికి గుప్పెడు సజ్జలు.
సున్నకీ ఒత్తుకీ వేరే కూలి లేదని
పండితుడి వాదన.
ఉలికి మాత్రం ఒత్తులే గండం,
ఇసుకరాయి సరిగ్గా అక్కడే పెచ్చులూడుతుంది.

నా పేరు జజ్జుక.
మాండవ్యపురానికి మా ఊరు
ఒంటె మీద రెండు రోజులు.
వీళ్ల తాతల్ని మా తాత చెక్కాడు,
వీళ్లని నేను చెక్కుతున్నాను.
మధ్యలో మా నాన్న,
యుద్ధం ఒకటి ఎడతెగక సాగినందువల్ల,
తిరగళ్లకు గంట్లు పెట్టుకుని బతికాడు.

వంశం భూర్జపత్రం మీద సిరాతో వచ్చింది.
మొదటి శ్లోకంలో రాముడి తమ్ముడు
అన్నగారి వాకిట కాపలా నిలిచాడట,
ఆ కాపలాయే ఇంటిపేరయిందట.
ప్రతీహారులు.
తలుపు దగ్గర నిలబడ్డవాడి మనవలు.

తాత చెక్కిన రాయి ఇంకా ఉంది, దిగుడుబావి పక్కన.
అందులో మొదటివాడు ఒక బాపడు.
ఇద్దరు పెళ్లాలు.
ఒకామెకు వేదం చదివిన కొడుకులు,
ఇంకొకామెకు
సారా తాగి కోటలు పట్టిన కొడుకులు.
రెండిట్లో ఏది, అని అడిగాను పండితుణ్ణి.
వేపపుల్ల నములుతూ
"రెండూ నిజమే, ఇది కొత్త నిజం" అన్నాడు.

ఎనిమిదో రోజుకి ఆరుగురు రాజులయ్యారు.
నలభై ఏళ్లు ఏలినవాడికి అర పంక్తి.
కొడుక్కి రాజ్యమిచ్చి గంగ ఒడ్డున
పస్తులుండి పోయినవాడికి మూడు.
కన్యాకుబ్జం దారిలో చలిజ్వరంతో పోయినవాడు
అప్సరసల కన్నులకు పండుగయ్యాడు.
అదే జ్వరంతో, అదే దారిలో,
మా బావమరిది పోయాడు.
ఒంటె ఒక్కటే తిరిగొచ్చింది, వీపున పుండుతో.

తొమ్మిదో రోజు లాఖిణి నెయ్యి తెచ్చింది.
ఆభీరుల ముసలమ్మ.
తట్ట దింపి స్తంభం చుట్టూ తిరిగింది,
చీమలబారును కదపకుండా తాకినట్టు
అక్షరాల మీద వేలు నడిపింది.
"మా గురించి ఏమన్నా ఉందా?"
ఉంది, అన్నాను.
"పేర్లా?"
కాదు.
పదమూడో పంక్తి ఆమె వేలి కిందే ఉంది:
పశువుల దొంగల పల్లెను కాల్చి
అంగళ్లు కట్టించి
వర్తకుల్ని పిలిచి నిలిపినవాడు.
ఆమె పుట్టిన గుడిసె
నేను రాతిపొడి ఊదుతున్న ఈ చోటే కావచ్చు.
చదివి వినిపించాను.
నేను చదవకపోతే ఆమెకి ఎవరు చదువుతారు?

కోప్పడలేదు.
"ఆవులు మావి, తోలుకుపోయింది వాళ్లు.
సరేలే, రాయి నీది కాదుగా" అంది.
నెయ్యి కొలిచేటప్పుడు మాత్రం
ఎప్పుడూ వేసే కొసరు వేయలేదు.

ఆ సాయంత్రం, చెయ్యి జారిందో
జారనిచ్చానో నాకే తెలియదు,
చోరులన్న మాటలో 'చో' లేచి కిందపడింది.
లక్కలో రాతిపొడి కలిపి అతికించాను.
ఒక వానాకాలానికి ఊడిపోతుంది.
కాని ఇక్కడ వానలు పడవు, అదే చిక్కు.

కూలికోసం కోటకి వెళ్లాను.
గుమ్మంలో బల్లెం పట్టుకుని ఒక కుర్రాడు.
నూగు మీసం.
రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు.
"ఆగు. ఎవరు?"
వంశాన్ని చెక్కినవాణ్ణి, అన్నాను.
ఎవరి వంశం అని అడిగాడు, పాపం, నిజంగానే తెలియక.
లోపల భోజనాలవుతున్నాయట.
నెయ్యి కాగిన వాసన, లాఖిణి నెయ్యే అయ్యుండొచ్చు,
గుమ్మం దాటి మా ఇద్దరి దగ్గరికీ వచ్చింది.
జమ్మిచెట్టు నీడ ఆ గోడనుంచి ఈ గోడకి మారేదాకా
నేను నిలబడ్డాను,
అతనూ నిలబడ్డాడు,
తలుపుకి వీపు ఆనించకుండా.

"నీ పేరేంటి బాబూ?"
అనుమానంగా చూసి "నెహిల" అన్నాడు.

నె. హి. ల.
ఒత్తుల్లేవు.
రాయి మీద చక్కగా పడుతుంది.