మూడో రంధ్రం

లగ్గెరెలో ఒక సన్న సందు. పది ఇళ్ళ వఠారం.
పుష్యమాసం చలి, తెల్లారి ఐదున్నర.
గార్మెంట్స్ బస్సు ఆరుంపావుకి.
పది ఇళ్ళకీ రెండే నీళ్ళగదులు,
ఒకే ఒక్క హీటర్ కడ్డీ, వంతులవారీగా.

నన్ను పిలిచింది దానికి కాదు,
మెట్ల దగ్గర బల్బు మాడిపోయిందని.
నిచ్చెన మీదుంటే కింద ఎవరో ఎవరికో చెబుతున్నారు:
"జిల్లుమంటాదిలే, చెప్పులేసుకో."

దిగాను.
నరసమ్మ నవ్వింది. "ఏం లేదు ఓబులేసన్నా,
ఇనప బకెట్టు ముట్టుకుంటే
చీమ కుట్టినట్టుంటాది. అలవాటైపోయింది."

ముప్పై ఏళ్ళుగా కరెంటుతో కాపురం చేస్తున్నాను.
దానికన్నా ఆ మాటకే ఎక్కువ భయపడతాను.
ఎప్పటికీ చీమగానే ఉంటానని
ఆ చీమ ఎవరికి రాసిచ్చింది?

బకెట్టు అంచుకి ఆనించగానే
టెస్టర్ కడుపులో మిణుగురు.
ప్లగ్గుకి రెండే కాళ్ళు.
మూడోది, లావుపాటిది, ఎవరో కోసేశారు
టీవీ సాకెట్లో పట్టడం లేదని.
గోడ మీది పలక విప్పాను.
మూడో రంధ్రం వెనక తీగ లేదు,
ఒక బల్లిగుడ్డు ఉంది.

ఇంటి ఓనరు చెన్నబసప్ప
తాళాలగుత్తి తిప్పుతూ లెక్కేశాడు:
"మున్నూరు రూపాయల కడ్డీకి
ఆరు వేల గుంతా?"
"గుంత కడ్డీకి కాదు సామీ" అన్నాను.
తుమకూరు రోడ్డు లాడ్జీలో
తలుపు పగలగొట్టిన ఉదయం గురించి చెప్పలేదు.
మేం లోపలికి వెళ్ళేసరికి
కుళాయి ఇంకా పొర్లుతూనే ఉంది.

సగం ఆయన ఇచ్చాడు, చీటీ డబ్బుల్లోంచి సగం వీళ్ళు.
ఇస్త్రీబండి మునెప్ప గోతాం బొగ్గు మోసుకొచ్చాడు.
ఇంటికో శేరు కల్లుప్పు.
నిలువెత్తు గుంతలో పైపు నిలబెట్టి
వరస బొగ్గు, వరస ఉప్పు, పైన రెండు బిందెల నీళ్ళు.
"ఇంత ఉప్పేస్తే ఎవరు తింటారు?" అంది
సావిత్రి కూతురు, గుంత అంచున గొంతుక్కూచుని.
"దారి తప్పిన కరెంటు" అన్నాను.
నమ్మలేదు. చిటికెడు బొగ్గు జేబులో వేసుకుంది.

అక్కడినుంచి పచ్చతీగ లాగాను.
ఎర్రది పోతుంది, నల్లది తిరిగొస్తుంది,
పచ్చది ఏళ్ళ తరబడి ఊరికే పడుంటుంది.
దానికి పని పడేది ఒక్క రెప్పపాటు.
పదహారు ఆంపియర్ల సాకెట్టు,
తడిచెయ్యి అందనంత దూరాన స్విచ్చు,
మీటరు పక్కన ముప్పై మిల్లీ ఆంపియర్లకే ఉలిక్కిపడే పెట్టె.
పాత కడ్డీని మోకాలికానించి వంచి పారేశాను.
నీళ్ళగది తలుపు మీద సుద్దముక్కతో రాశాను:
ముందు నీళ్ళు. తర్వాత కడ్డీ. ఆ తర్వాతే స్విచ్చు.
తీసేటప్పుడు స్విచ్చు, ప్లగ్గు, అప్పుడు చెయ్యి.
కాగాయో లేదో వేలితో చూడొద్దు.
కిందే కన్నడంలో చెన్నబసప్ప తిరగరాశాడు,
నాకన్నా గుండ్రంగా.

ఏడాది తిరిగింది. మళ్ళీ చలి.
ఐదూ నలభైకి ఫోను.
"ఏం పెట్టె పెట్టినావన్నా నువ్వు!
బకెట్లో కడ్డీ పెట్టి స్విచ్చేస్తే టప్పున పడిపోయింది,
ఎత్తితే మళ్ళీ పడతాంది!"
కడ్డీ ఎక్కడో చీలి ఉంటుంది,
ప్లగ్గు పీకేయండి, పెట్టెని మళ్ళీ ఎత్తొద్దు,
కొత్తది తెస్తున్నా అన్నాను.
నరసమ్మ ఆగలేదు.
చన్నీళ్ళు పోసుకున్న పళ్ళు టకటకలాడుతుంటే
బస్సు తప్పుతుందని తిట్టింది,
నా పెట్టెని తిట్టింది, నా గుంతని,
అందులో పోసిన తన శేరు ఉప్పునీ తిట్టింది.

దుప్పట్లో కూర్చుని
ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని
ఒక్క ముక్క పోకుండా
అంతా విన్నాను.