సహమ్ పొలాల వెంట

డాక్టరు రోజూ రెండు కిలోమీటర్లన్నాడు.
ఫజర్ నమాజు కాగానే మామా జోఖా
నా మోచెయ్యి పట్టుకుంటుంది.
ఖర్జూరాల కింద జనవరి మంచు
విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా.
నా స్వెట్టరు మీద ఆమె పాత శాలువా.

ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు.
ఏదైనా కదిలితే చాలు, ఆగి
"మో హాదా?" అంటుంది, ఏంటది అని.
నాలుగేళ్లయినా నా అరబీ వంటగది గడప దాటలేదు:
ఉల్లిపాయ, చీపురు, ఇస్త్రీ, సంచి, రేపు.
అందుకని జిట్టంగి కనిపిస్తే
ఆమె అరచేతిలో నా వేలు ఆనించి
టకటకా పైకీ కిందకీ ఊపుతాను.
నవ్వి, దాని పేరేదో చెబుతుంది.
మర్నాటికి మరిచిపోతాను. మళ్లీ ఊపుతాను.

కూకుడు గువ్వకైతే
నెత్తిన అయిదు వేళ్లూ విప్పించాను.
"హుద్‌హుద్!" అంటూ తలముసుగు సర్దుకుంది
పెద్దమనిషెవరో ఎదురొచ్చినట్టు.

తీతువు అరిస్తే మాత్రం నాకు కాళ్లాడవు.
మా రాజోలు వైపు ఆ కూత వింటే
ఎవరింట్లోనో ఏదో అయిందనే.
ఆమె నా అరచేతిలో రెండు వేళ్లు నడిపించింది:
చేలో ఎవడో నడుస్తున్నాడు, అంతే.
నిజమే. నీళ్లు కట్టే మఫీజుల్,
భుజాన గొట్టం చుట్ట.

పోయిన శుక్రవారం తుమ్మ చెట్టు మీద పాలపిట్ట.
ఎలా చెప్పాలో తోచక
ఆమె ఉంగరంలో నీలిరాయి తాకాను.
అటు తల తిప్పి చాలాసేపు నిలబడింది.
నాలుగడుగులు వేశాక తెలిసింది,
ముల్లుకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి.
నోరు పెగల్లేదు నాకు.
మర్నాడు ఉంగరం తనే చూపించి అడిగితే
తలాడించి, ఆమెకు కనపడదని గుర్తొచ్చి,
"ఉంది" అన్నాను.
అలా ఎనిమిది పొద్దులు ఉంది.

రాత్రి గాలి రేగింది. ఇవాళ కొమ్మ ఖాళీ.
అడుగుతుందేమోనని ఒకటే గాభరా,
నడక కొంచెం తొందర చేశాను కూడా.
చెట్టు దగ్గర తనే ఆగింది.
చెవి మీద వేలితో కొట్టుకుని, చెయ్యి గాల్లోకి విసిరి
"కీస్" అంది. ఎగిరిపోయిందిలే అన్నట్టు.
కీస్ అంటే సంచి.
ఆ మాట నాకొచ్చు.

తల ఎత్తలేకపోయాను.
ఇంతలో నా మోచేతి మీద ఆమె పట్టు బిగిసింది.
ఉష్ష్. కాలువ అవతలికి గడ్డం తిప్పి,
"మో హాదా?"