పెదవి దాటిన బొట్టు

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
నూనె విషయంలో అది నిజం కాదు.
పెదవి దాటి, ఒక్క క్షణం ఆగి,
ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి
మెడ మీదుగా, భుజం మీదుగా
చీటీ మీది ఆలివ్ కొమ్మను తడిపి
అడుగున, బల్ల మీద సున్నా చుట్టి కూచుంటుంది.

ఆ సున్నాలు కొలవడమే ఏడాదిగా నా ఉద్యోగం.

పోర్చుగల్‌లో మరీన్యా గ్రాండ్, గాజు ఊరు.
కొలిమి గోడకు ఇవతల, నా కిటికీలో ముప్పై సీసాలు.
ఒక్కోదాని కింద ఒక అద్దుడు కాగితం,
కాగితం మీద తేదీ, ఎంత వంచానో, మరక ఎంత వెడల్పో.
నూనె మిల్లు యజమాని ఉత్తరం మేకుకు వేలాడుతోంది:
"నాది బంగారం. నీ సీసా దాన్ని చొంగలా కారుస్తోంది."

తెగని తైలధార గురించి పెద్దలు చాలా చెప్పారు.
తెగాల్సిన చోట తెగే ధార గురించి
ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు.
పోయడం చిల్లుకుండకూ వచ్చు.
మా అత్త సెలెస్తీనా గుమ్మంలో "వస్తా" అన్నాక
ఇంకో ముప్పావుగంట నిలబడి మాట్లాడుతుంది.
ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు నా సీసాలు గుర్తొస్తాయి.

పదిహేడోదానికి అంచు పదును పెట్టాను.
కత్తిరించినట్టు తెగింది ధార.
ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను.
మర్నాడు ప్యాకింగు గదిలో
మూత బిగిస్తున్న లియొకాడియాకు చెయ్యి జారింది.
నూనె దిగే దారినే, అదే వంపులో, అంతే నింపాదిగా
నెత్తురు దిగింది.
ఆమె తిట్టలేదు. బొటనవేలు నోట్లో పెట్టుకుని
"కారదన్నావుగా" అంది.

అంచును మళ్లీ మంటకు చూపించాం.
మంట దయగలది, ఏ కొసనైనా గుండ్రం చేస్తుంది.
గుండ్రని పెదవి మీద బొట్టుకు
లోపలేదో బయటేదో తెలియదు.
పద్దెనిమిది నుంచి ముప్పై దాకా
ఆ దయకూ ఆ కోతకూ మధ్య
వెంట్రుకవాసి బేరం.

నవంబరులో ఒక వాన.
గొడుగు లేక జుల్మీరా పూటకూళ్లింటి కిటికీ కింద నిలబడ్డాను.
రాతి గట్టు మీది నీరు అంచుదాకా వచ్చి
కిందికి మళ్లి గోడను పట్టుకోబోయింది.
పట్టుకోలేదు. మధ్యలోనే రాలి నా బూటు మీద పడింది.
మళ్లీ అక్కడే. మళ్లీ నా బూటు మీదే.
గట్టు అడుగున చెయ్యి పెట్టి తడిమాను:
చిటికెనవేలు పట్టేంత గాడి.
ఎవరో రాతిపనివాడు, వందేళ్లనాడో ఇంకా ముందో,
గోడ తడవకూడదని
ఎవరూ చూడని వైపు గీసి వెళ్లాడు.

అచ్చు చెక్కే ముసలి ఎర్మీనియు నా బొమ్మ చూసి
"నలభై ఏళ్లు ఆ గట్టు మీదే మోచెయ్యి ఆనించి తాగాను" అన్నాడు.
ఇంకేమీ అనలేదు. గాడిని మాత్రం
నేను గీసినదానికన్నా పావు మిల్లీమీటరు లోతుగా కోశాడు.
ఎందుకంటే, "నూనె నీకన్నా మొండిది."

ముప్పై ఒకటోది జుల్మీరా బల్ల మీద పెట్టాను.
ఉడికిన ఉప్పుచేప, బంగాళాదుంప, పైన నూనె.
ఆమె వంచింది. ఎత్తింది.
చివరి బొట్టు పెదవి కొసన వేలాడి
కింద గాడిని చూసి, దాటలేక,
వచ్చిన దారినే లోపలికి జారింది.

ఎప్పటిలాగే జుల్మీరా
బొటనవేలితో సీసా మెడ చుట్టూ తుడిచింది.
వేలు చూసుకుంది. పొడిగా ఉంది.
నా వైపు చూసి, ఏమనుకుందో,
ఆ పొడి వేలినే ఏప్రనుకు రుద్దుకుంది,
గట్టిగా, రెండుసార్లు.

సోమవారం నుంచి వెనిగర్ సీసా.
వెనిగర్ పల్చన.
గాడి మాట వింటుందో లేదో.