సుడి

కావలి ట్రంకురోడ్డు వెనక మిద్దె మీద
జులేఖక్క నా చేతికో గుండు తలకాయ ఇచ్చింది.
వేణ్ణీళ్ళలో నానిన వినైలు.
బొటనవేలు నొక్కితే లోపలికి పోయి మళ్ళీ లేచింది,
మాడు గట్టిపడని పసిబిడ్డది మాదిరి.

సూది మొన మీద కంటికానని ముల్లుంది.
అది ఒక్క వెంట్రుకనే లోపలికి తీసుకుపోవాల.
నాకు నాలుగు పోయినయ్యి.
"ఏందిమే, వరినాట్లేస్తుండావా?" అన్నది అక్క.
నిజమే. మొలగొలుకులు నాటిన చెయ్యి ఇది,
నాలుగు పోచలు కలిపి బురదలో గుచ్చటమే దానికి తెలుసు.
మునుం పట్టినట్టు
నుదుటి నించి వరస తీస్తుంటే ఆపింది.
"సుడి కాడ మొదలుపెట్టు.
మిగతాయన్నీ దాన్ని చూసి పడుకుంటయ్యి."

ఆ రాత్రి కరెంటు పోయింది.
చెల్లెలి కొడుకు నా పక్కన బోర్లా పడి నిద్రపోతున్నాడు.
సెల్లు లైటుకి చెయ్యి అడ్డంపెట్టి
వాడి మాడు మీద మెల్లిగా ఊదాను.
ఒక సుడి కుడికి.
దాని పక్కనే ఇంకోటి, ఎడమకి.
రెండు పెళ్ళిళ్ళ దొంగ, పది నెల్లు ఎవరికీ దొరకలా!
మెడ దగ్గర, చెమటకి అతుక్కున్న నూగు
ఏ సుడి మాటా వినకుండా
తన దారిన తాను పోయుంది.

తెల్లారి బొమ్మకి రెండు సుళ్ళు పెట్టాను.
మెడ మీద నూగు కూడా, అట్నే, అడ్డదిడ్డంగా.
పది రోజులు పట్టింది. రెండు సూదులిరిగినయ్యి.
అక్క కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టి
శానాసేపు తిప్పి తిప్పి చూసింది.
"రెండు సుళ్ళు ఎవరడిగారు?"
"ఎవరూ అడగలా."

పీకమంటుందనుకున్నా.
జిగురు సీసా మూత తీసి నా ముందు పెట్టింది.
"లోపలెంబడి పూసెయ్, ఊడకుండా."