రెండో తొవ్వ

నిన్న ఆ పిల్ల మంత్రిని చంపింది నేనే.
అది ఇంకా నా అంగీ జేబులనే ఉన్నది,
తల కొద్దిగ చెక్కుపోయిన కట్టె మంత్రి.
హాల్ల ముప్పై ఒక్క పావులే తేలినయని
పొద్దుగాల్నే గట్టయ్య ఫోన్ చేసిండు.
"ఆట ఆమె తీస్కపోయింది, మంత్రిని నువ్వు తీస్కపోయినవా?"

మేకల ఓదెలు బిడ్డ వర్షిత, తొమ్మిదో తరగతి.
ఎత్తులన్ని తండ్రి పాత పేస్లిప్పు ఎనుక రాసి
"చూస్కో తాతా" అని చేతుల పెట్టిపోయింది.
నాకు గడులు తెలుసు, వాటి ఇంగ్లీషు పేర్లు తెల్వవు.
క్వార్టర్ వరండాల బోర్డు పరిచి
వేలు పెట్టి లెక్కపెట్టుకుంట ఆడుతున్న, నాతోని నేనే.

చివర్నుంచి మొదలువెట్టిన.
గనిల కప్పు కూలితే అట్లనే చూస్తరు,
రాయి పడ్డకాడికెల్లి ఎనుకకు.

ఇరవై మూడో ఎత్తు.
మూలకు నక్కిన నా రాజు ముంగటి బంటును కొట్టి
మంత్రి ఒంటరిగ నిలబడ్డది. దాని ఎనుక ఎవ్వరు లేరు.
హాలంత "అయ్యో బిడ్డా" అన్నది.
నేనూ అన్న, లోపల. మీసం కింద నవ్వుకుంట అన్న.
తినుడు తప్ప వేరే ఎత్తు లేదు. తిన్న.

అప్పుడు,
మూడో వరుసల ఊకెనే నిలబడ్డదనుకున్న ఏనుగు
సప్పుడు లేకుంట అంచుకు జారింది.
ఐమూల గడులు రెండింటిని గుర్రం పట్టుకున్నది.
మిగిలిన ఒక్క గడిల
నా బంటే, నా సొంత బంటే,
గడియపెట్టిన తలుపోలె.

పిల్లర్ తీసుడు నాకు తెలుసు.
చుట్టు బొగ్గంత తీసినంక
కప్పును మోసే పిల్లర్‌ను ఆఖరుకు తీస్తరు,
తీసుకుంట ఎనుకకు జరుగుతరు,
కప్పు దానంతటదే కూలుతది.
ఆ పిల్ల తీసింది గదే.
కాకపోతే కప్పు కింద నేనున్న.

ఇంకా ఎనుకకు పోయిన.
పదిహేడో ఎత్తుల నా మంత్రి ఇల్లిడిసింది,
పద్దెనిమిదిల ఆవలి దిక్కున దిక్కులేని బంటును మింగింది.
ఇంట్లనే ఉంటే ఆ గుర్రం దుంకిన గడిల
దాన్ని అక్కడికక్కడే తినేది.
ఆశ, అనుకున్న. తప్పు దొరికిందనుకున్న, చాయ్ తాగిన.

మూడు గంటలకు ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగ్.
గోడ పగులు ఇంకింత నోరు తెరిచింది,
పావులన్ని ఎగిరి కూసున్నయి.
చూస్తే గుర్రం పక్క గడిల ఉన్నది.
అట్ల ఒక్క గడి తప్పితే చాలు, నేను బతుకుతుంటి.
దాన్ని మళ్ల దాని జాగలనే పెట్టిన.

అప్పుడు కనవడ్డది అంచు బంటు.
పంతొమ్మిదిల దాన్ని ఒక్క గడి జరిపి ఉంటే
రాజుకు ఊపిరాడే కిటికీ.
ముప్పై రెండేండ్లు టింబర్‌మన్‌ను,
సబ్బల్‌తోని కప్పును తట్టి సప్పుడు విన్నోన్ని,
కొత్త పోరగాండ్లకు ఒకటే మాట చెప్పినోన్ని:
కిందికి దిగేటోనికి రెండు తొవ్వలుండాలె.

పొద్దుగూకినంక పిల్ల వచ్చింది.
"మంత్రి ఏది తాతా? మంత్రి కాదులే, రాణి."
తీసి ఇచ్చిన. అంచు బంటు ముచ్చట చెప్పిన.
"నాకెర్కే. అది జరుపుతవేమోనని
నాలుగెత్తుల దాక నీ చేతినే చూసిన.
ఊపిరి తీసుకోలే."
నేను దాని దిక్కు ఒక్కసారన్న తలెత్తి చూడలే.

"నల్లయి నాకే ఇయ్యి" అన్న.
ఆమె నడిమి బంటును రెండు గడులు తోలింది.
నేను అంచు బంటును ఒక్క గడి జరిపిన.
"మొదటి ఎత్తుకేనా తాతా!"
పడిపడి నవ్వింది,
రాణి మీద ఇంకా చెయ్యి తియ్యకుంట.