అర్ధ రూపాయి

రంజాన్ ఇరవయ్యో రోజు, సైదాబాద్‌లో
కింది వాటా వజీహా బేగం మా తలుపు కొట్టింది.
"జర లెక్క చూసిపెట్టు సారూ, కళ్ళద్దాలు పగిలినయ్."

రెండు గాజులు, ఒక ముక్కుపుడక,
ఎత్తిన చిట్టీ డబ్బు, పోస్టాఫీసులో కొంత.
కుట్టుమిషను కూడా రాయబోతే
నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.
"అది అన్నం పెట్టేది. దాన్ని కలపరు."

నలభైలో ఒక వంతు.
నాలుగు వేల మూడు వందల పన్నెండున్నర.
పన్నెండు చాలులెమ్మన్నాను.
"ఆ అర్ధ రూపాయి నాది కాదు గదా,
నా ఇంట్ల ఎట్ల పెట్టుకుంట?"

కాగితం మడిచి కొంగున కట్టుకుని
మెట్లు దిగిపోయింది.

నాకే లెక్కా లేదు.
ఫ్లాటు కంతులు తీరాక అనుకున్నాను,
ఆ తర్వాత ఇంక్రిమెంటు పడ్డాక,
ఆ తర్వాత ఏదో ఉంది, గుర్తులేదు.

మొన్న నీలోఫర్ గేటు ముందు
ఒకతను మందుల చీటీ చూపించి మూడు వందలు అడిగాడు.
తీసుకుని తిరగేశాను.
తేదీ సరిపోయింది. ముద్ర ఉంది.
పేరున్న చోట: బేబీ ఆఫ్ జమునాబాయి,
వయసు పదకొండు రోజులు.
సంతకాన్ని వెలుతురుకెత్తి పట్టి చూస్తుంటే
అతనే చీటీ వెనక్కి తీసుకున్నాడు.
"ఉండనీ సార్, టైం లేదు."

అప్పటికే జేబులోంచి సగం బయటికొచ్చిన
ఆ మూడు నోట్లు
ఖర్చు పెట్టబుద్ధి కాదు, ఎవరికివ్వాలో తెలియదు.
చొక్కా ఉతుక్కి వేసినప్పుడల్లా
ఇంకో చొక్కాలోకి మారుస్తున్నాను.